క్రీడాసాధనలో ప్రొటీన్: రోజుకెంత, పూటకెంత, ఎప్పుడు

సాధన మొదలుపెట్టినవారు ఆహారం గురించి వేసే తొలి ప్రశ్న చాలావరకు గడియారం చుట్టూనే తిరుగుతుంది. కసరత్తు ముగిశాక ఎన్ని నిమిషాల్లోపు ప్రొటీన్ తీసుకోవాలి, అరగంట దాటితే ఆ రోజు పడిన కష్టమంతా వృథాయేనా అని అడుగుతారు. ప్రశ్న అనవసరమైనది కాదు గానీ, ప్రాధాన్యంలో దాని స్థానం మూడోది. రోజు మొత్తమ్మీద ఎంత ప్రొటీన్ తింటున్నారన్నది మొదటిది, ఆ మొత్తాన్ని పూటలకు ఎలా పంచుకుంటున్నారన్నది రెండోది. ఈ రెండూ కుదిరిన తర్వాతే నిమిషాల లెక్కకు కొంత విలువ ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి కూడా అదే వరసలో నడుస్తుంది. ఒక అడుగు సరిచేసుకున్నాకే తర్వాతి అడుగుకు వెళ్లడం మేలు.

ముందుగా కండరంలో జరిగే పని

కండరంలోని ప్రొటీన్ ఒకవైపు నిరంతరం విరిగిపోతూ, మరోవైపు కొత్తగా తయారవుతూ ఉంటుంది. భోజనం చేసినప్పుడు అందులోని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో చేరుతుంది, దానితో నిర్మాణం కొన్ని గంటలపాటు ఊపందుకుంటుంది. బరువులెత్తే వ్యాయామం కూడా నిర్మాణాన్ని పెంచుతుంది. అయితే ఏమీ తినకుండా కేవలం వ్యాయామమే చేస్తే విరిగేది తయారయ్యేదానికంటే ఎక్కువగానే ఉండిపోతుంది కాబట్టి, లెక్క లాభంలోకి రావాలంటే వ్యాయామమూ ఆహారమూ రెండూ కావాలి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. వ్యాయామం చేసిన కండరం ప్రొటీన్‌కు మామూలుకంటే బాగా స్పందించే స్థితి అరగంటతోనో గంటతోనో ముగిసిపోదు. కనీసం ఒక రోజంతా ఉంటుంది, సాధనకు ఇంకా అలవాటుపడని శరీరాల్లో రెండు రోజుల వరకు కూడా సాగుతుంది. సాయంత్రం సాధన చేసినవారికి ఆ రాత్రి భోజనం ఎంత ముఖ్యమో, మరునాటి ఉదయపు అల్పాహారమూ, మధ్యాహ్న భోజనమూ అంతే ముఖ్యమని దీని అర్థం.

మొదటి అడుగు: రోజు మొత్తం ఎంతో తేల్చుకోండి

సాధారణ పెద్దలకు సిఫారసు చేసే ప్రొటీన్ రోజుకు కిలో శరీర బరువుకు 0.8 గ్రాములు. ఇది లోపం రాకుండా చూసే మోతాదు, సాధన చేసే శరీరానికి సరిపోయే మోతాదు కాదు. క్రీడాకారుల విషయంలో క్రీడా పోషణ నిపుణుల సంఘాలు స్థూలంగా 1.2 నుంచి 2.0 గ్రాముల మధ్య సూచిస్తున్నాయి. ఈ పరిధిలో మీ స్థానం ఎక్కడన్నది మీరు చేసే సాధనను బట్టి ఉంటుంది.

కండబలం, కండ పరిమాణం పెంచుకోవడమే ధ్యేయమైనవారు 1.6 గ్రాములను లక్ష్యంగా పెట్టుకోవచ్చు. 2018లో వెలువడిన ఒక విశ్లేషణ 49 ప్రయోగాల్లో పాల్గొన్న 1,863 మంది ఫలితాలను కలిపి చూసి, బరువులతో సాధన చేసేవారిలో రోజుకు కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు ప్రొటీన్ వల్ల కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదని తేల్చింది. మనుషుల మధ్య తేడాలుంటాయి కాబట్టి కొందరు జాగ్రత్త కోసం 2.2 వరకు వెళ్తారు, అందులో తప్పు లేదు. మూడు గ్రాములు, నాలుగు గ్రాములు అంటూ పోటీపడి తినడం వల్ల మాత్రం పళ్లెంలో పిండిపదార్థాలకు చోటు తగ్గిపోతుంది తప్ప కండ పెరగదు.

దూరపు పరుగు, సైక్లింగ్, ఈత వంటి ఓర్పు క్రీడలవారికి ప్రొటీన్‌తో పెద్దగా పని లేదన్న అభిప్రాయం ఇంకా చాలామందిలో ఉంది. అది సరికాదు. గంటల తరబడి సాగే శ్రమలో శరీరం కొంత ప్రొటీన్‌ను ఇంధనంగా కూడా వాడుకుంటుంది, కండరాలకు మరమ్మతు అవసరమూ ఉంటుంది. కాబట్టి వీరు 1.2 దగ్గర ఆగిపోకుండా, సాధన భారంగా ఉన్న వారాల్లో 1.6 నుంచి 1.8 వరకు తీసుకోవడం మంచిది.

బరువు తగ్గించుకుంటున్న కాలంలో అవసరం తగ్గదు, పెరుగుతుంది. తిండి తగ్గినప్పుడు శరీరం కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది కనుక, ఆ రోజుల్లో 1.6 నుంచి 2.4 గ్రాముల వరకు తీసుకుంటూ బరువులతో సాధన కొనసాగించాలి. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్నవారు ప్రస్తుత బరువుతో లెక్కకడితే అంకె అనవసరంగా పెద్దదవుతుంది. వారు చేరుకోదలచిన బరువుతో గుణించుకుంటే చాలు.

ఉదాహరణకు 60 కిలోల బరువున్న వ్యక్తి 1.6తో లెక్క వేసుకుంటే రోజుకు 96 గ్రాములు కావాలి. సాధన లేని రోజున ఈ అంకె తగ్గించనక్కర్లేదు, కండరం తనను తాను కట్టుకునేది చాలావరకు విశ్రాంతి రోజునే.

రెండో అడుగు: ఇప్పుడు తింటున్నదేమిటో రాసి చూడండి

లక్ష్యం తెలిశాక వెంటనే ప్రొటీన్ పొడి డబ్బా కొనడానికి పరుగెత్తకుండా, మూడు రోజులపాటు తిన్నదంతా కాగితం మీద రాయండి. అందులో ఒకటి విశ్రాంతి రోజై ఉండాలి. జ్ఞాపకం మీద ఆధారపడి రాత్రి రాసుకునే జాబితాలో ఎప్పుడూ ఏదో ఒకటి జారిపోతుంది కాబట్టి తిన్న వెంటనే రాయడం అలవాటు చేసుకోవాలి. వంటింట్లో వాడే చిన్న తూకం యంత్రం ఉంటే ఆ మూడు రోజులూ దాన్ని వాడండి. తర్వాత మీ కళ్లే ఇంచుమించుగా అంచనా వేయగలుగుతాయి.

లెక్కకు పనికొచ్చే కొన్ని అంకెలు ఇవి. పెద్ద గుడ్డు ఒకదానిలో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పాలలో 100 మిల్లీలీటర్లకు 3 గ్రాములకు కొంచెం పైన, పెరుగులో కూడా దాదాపు అంతే. చర్మం తీసిన కోడి రొమ్ము మాంసం వండాక 100 గ్రాములకు 30 గ్రాముల దాకా ఇస్తుంది, వండిన చేప 22 నుంచి 25 మధ్య. ఎండు పప్పుల్లో 100 గ్రాములకు 22 నుంచి 25 గ్రాములు, సోయా గింజల్లో 36 గ్రాముల వరకు, వేరుశనగల్లో 25 గ్రాముల వరకు ఉంటుంది. అన్నంలో 100 గ్రాములకు 3 గ్రాముల కంటే తక్కువే.

ఎక్కువమంది లెక్క తప్పేది పచ్చి బరువుకూ, వండిన బరువుకూ మధ్య తేడా చూడకపోవడం వల్ల. 100 గ్రాముల ఎండు పప్పును ఉడికిస్తే అది నీరు పీల్చుకుని రెండింతలకు మించి బరువు తూగుతుంది, కానీ ప్రొటీన్ మాత్రం అదే 22–25 గ్రాములు. అందువల్ల గిన్నెలో ఉన్న 100 గ్రాముల ఉడికిన పప్పులో దొరికేది 9 గ్రాముల లోపే. ప్యాకెట్ మీది అంకెను ఉడికిన పప్పుకు వర్తింపజేసుకుని రోజుకు 40 గ్రాములు ఎక్కువ తింటున్నామనుకునేవారు తక్కువేమీ కాదు. మాంసానిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వండేటప్పుడు నీరు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి 100 గ్రాముల వండిన మాంసంలో, 100 గ్రాముల పచ్చి మాంసంలో కంటే ప్రొటీన్ ఎక్కువ ఉంటుంది. వేరుశనగల దగ్గరా ఒక మెలిక ఉంది. వాటి బరువులో దాదాపు సగం కొవ్వే కనుక, వాటినే ప్రధాన ప్రొటీన్‌గా నమ్ముకుంటే 25 గ్రాముల ప్రొటీన్ కోసం 550 కేలరీలకు పైగా తినవలసి వస్తుంది.

మూడు రోజుల లెక్క పూర్తయ్యాక చాలామందికి కనిపించే చిత్రం ఒకే రకంగా ఉంటుంది: ఉదయం దాదాపు ఏమీ లేదు, మధ్యాహ్నం కొద్దిగా, రాత్రి మాత్రం భారీగా. మూడో అడుగు అవసరమయ్యేది అందుకే.

మూడో అడుగు: మొత్తాన్ని పూటలకు పంచండి

శరీరం కొవ్వును దాచుకున్నట్టు ప్రొటీన్‌ను విడిగా దాచుకోదు. అందుకని రోజులో మూడు నుంచి ఐదు సార్లుగా, మూడు నాలుగు గంటల ఎడంతో తినడం మంచి పద్ధతి. ఒక్కో పూటకు కిలో బరువుకు 0.3 నుంచి 0.4 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. 60 కిలోల వ్యక్తికి అది 18 నుంచి 24 గ్రాములు, 80 కిలోల వ్యక్తికి 24 నుంచి 32 గ్రాములు అవుతుంది.

ఈ పంపకానికి ఆధారం ఏమిటని అడిగితే 2013 నాటి ఒక ప్రయోగాన్ని చెప్పుకోవచ్చు. బరువులెత్తిన తర్వాత 12 గంటల్లో అందరికీ 80 గ్రాముల వే ప్రొటీనే (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రొటీన్) ఇచ్చారు గానీ, ఒక బృందానికి గంటన్నరకోసారి 10 గ్రాముల చొప్పున, మరో బృందానికి మూడు గంటలకోసారి 20 గ్రాముల చొప్పున, ఇంకో బృందానికి ఆరు గంటలకోసారి 40 గ్రాముల చొప్పున ఇచ్చారు. కండర ప్రొటీన్ నిర్మాణం మధ్య బృందంలో ఎక్కువగా జరిగింది. మరీ చిన్న మోతాదులు నిర్మాణాన్ని తగినంతగా కదిలించలేవు, మరీ పెద్ద విరామాల్లో అది మళ్లీ అడుగంటుతుంది. పూటకు కావలసిన కనీస మోతాదు వెనుక లూసీన్ అనే అమైనో ఆమ్లం పాత్ర ఉంది. నిర్మాణాన్ని మొదలుపెట్టమని కండరానికి సంకేతం ఇచ్చేది ప్రధానంగా అదే. పూటకు 2 నుంచి 3 గ్రాముల లూసీన్ అందితే చాలు, నాణ్యమైన ప్రొటీన్ 20–30 గ్రాములు తింటే అది దానంతటదే అందుతుంది కనుక లూసీన్‌ను విడిగా కొనుక్కోవలసిన పనిలేదు.

అలాగని పూటకు 20 గ్రాములు దాటితే మిగిలినదంతా వ్యర్థమనే మాటను నమ్మకండి. అది చాలాకాలం నియమంలా చలామణి అయింది. 2016లో జరిగిన ఒక పరిశోధనలో శరీరమంతటికీ కసరత్తు చేసినవారికి 20కి బదులు 40 గ్రాములు ఇస్తే నిర్మాణం మరికొంత పెరిగింది. 2023లో మరో పరిశోధన వ్యాయామం తర్వాత ఒకేసారి 100 గ్రాముల పాల ప్రొటీన్ ఇచ్చి చూడగా, 25 గ్రాములు తీసుకున్నవారికంటే స్పందన పెద్దదిగా ఉండటమే కాక 12 గంటలకు పైగా కొనసాగింది. పెద్ద భోజనం నెమ్మదిగా జీర్ణమై నెమ్మదిగా ఉపయోగపడుతుంది. పనివేళల వల్ల రోజుకు రెండే పూటలు తినగలిగేవారు దీనివల్ల నిశ్చింతగా ఉండవచ్చు. వీలున్నవారికి మాత్రం నాలుగు పూటల పద్ధతే నా సిఫారసు. శాస్త్రం సంగతి అటుంచితే, 96 గ్రాముల ప్రొటీన్‌ను రెండు పూటల్లో కూర్చుని తినడం కడుపుకు అంత సులువైన పని కాదు.

మార్పు మొదలుపెట్టవలసింది ఉదయం పూటతోనే. రాత్రి భోజనాన్ని కదపకుండా, ఉదయం రెండు గుడ్లూ ఒక గ్లాసు పాలూ చేర్చినా రోజు లెక్క సగం సరిపడుతుంది. అరవై దాటినవారి కండరాలు అదే మోతాదుకు తక్కువగా స్పందిస్తాయి కాబట్టి వారు పూటకు కిలోకు 0.4 గ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి.

నాలుగో అడుగు: సాధనకు ముందు

సాధనకు ముందు తినే ఆహారం పని ప్రధానంగా ఇంధనం ఇవ్వడం. ఇక్కడ పిండిపదార్థాలది పెద్దపీట, ప్రొటీన్‌ది పక్క స్థానం. మూడు నాలుగు గంటల ముందు పూర్తి భోజనం చేయవచ్చు. సాధన దగ్గరపడుతున్నకొద్దీ పరిమాణం తగ్గిస్తూ, కొవ్వునూ పీచునూ తగ్గిస్తూ రావాలి, ఎందుకంటే ఆ రెండూ కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. గంటకు మించిన శ్రమకు ముందు కిలోకు 1 నుంచి 4 గ్రాముల పిండిపదార్థాలు, అంతకు ముందరి 1 నుంచి 4 గంటల్లో తీసుకోవాలన్నది ప్రామాణిక సూచన. గంట ముందైతే 1 గ్రాము, నాలుగు గంటల ముందైతే 4 గ్రాముల వరకు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

తెల్లవారుజామున సాధన చేసేవారి ఇబ్బంది వేరు. నిద్రలేచిన అరగంటకే మైదానంలో ఉండేవారు భోజనం చేయలేరు, చేయనవసరమూ లేదు. తేలికపాటి సాధనైతే ఖాళీ కడుపుతో చేయవచ్చు. తీవ్రమైన సాధనైతే ఒక అరటిపండో, రెండు బ్రెడ్డు ముక్కలో తిని వెళ్లడం మంచిది. ఖాళీ కడుపుతో బరువులెత్తిన రోజున మాత్రం సాధన తర్వాతి ఆహారాన్ని వాయిదా వేయకూడదు, ఎందుకంటే ఆ శరీరానికి గత రాత్రి నుంచీ అమైనో ఆమ్లాలు అందలేదు.

ఐదో అడుగు: సాధన తర్వాత, తొందర ఎప్పుడు నిజం

సాధన ముగిసిన అరగంటలో ప్రొటీన్ తాగకపోతే అవకాశం మూసుకుపోతుందన్న మాట ఎంత గట్టిగా ప్రచారమైందో, దానికి ఆధారాలు అంత బలహీనంగా ఉన్నాయి. 2013లో సమయపాలన మీద జరిగిన ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు, సాధన చుట్టూ ప్రొటీన్ తీసుకున్నవారికి కనిపించిన లాభం చాలావరకు వారు రోజు మొత్తమ్మీద ఎక్కువ ప్రొటీన్ తినడం వల్ల వచ్చినదేనని తేలింది. మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్నాక సమయపు ప్రభావం మిగల్లేదు. 2017లో పది వారాలు సాగిన మరో ప్రయోగంలో ఒక బృందం సాధనకు సరిగ్గా ముందు, ఇంకో బృందం సరిగ్గా తర్వాత 25 గ్రాముల ప్రొటీన్ తీసుకుంటే కండలోనూ, బలంలోనూ తేడా లేకుండా పోయింది.

అందుచేత ఆచరణలో ఇలా చూసుకోండి. సాధనకు ముందు తిన్న ప్రొటీన్ పూటకూ, తర్వాత తినబోయే పూటకూ మధ్య నాలుగైదు గంటలు మించకుండా ఉంటే చాలు. ముందు భోజనం నాలుగున్నరకు చేసి, ఆరు నుంచి ఏడున్నర వరకు సాధన చేసినవారు ఎనిమిదిన్నరకు ఇంట్లో స్థిమితంగా కూర్చుని తినవచ్చు. బట్టలు మార్చుకునే గదిలో డబ్బా గిలకొట్టి గడగడా తాగవలసిన అవసరం లేదు, తాగితే నష్టమూ లేదు.

పిండిపదార్థాల విషయంలో మాత్రం తొందరకు అర్థం ఉంది, అదీ ఒక్క సందర్భంలోనే. ఎనిమిది గంటల లోపు మళ్లీ గట్టి సాధనో, పోటీయో ఉంటే, కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండి, సాధనలో ఖాళీ అయిన గ్లైకోజెన్‌ను త్వరగా నింపుకోవాలి. సైకిల్ తొక్కేవారిపై 1988లో జరిగిన పరిశోధనలో, శ్రమ ముగిసిన వెంటనే పిండిపదార్థం తీసుకున్నవారితో పోలిస్తే రెండు గంటలు ఆలస్యం చేసినవారిలో గ్లైకోజెన్ నిండే వేగం బాగా తగ్గింది. రోజుకు రెండుసార్లు సాధన చేసేవారు, ఒకే రోజు రెండు మూడు పోటీలు ఆడేవారు మొదటి నాలుగు గంటల్లో గంటకు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. 60 కిలోల వ్యక్తికి అది గంటకు 60 నుంచి 72 గ్రాములు. అంత మింగుడుపడకపోతే 0.8 గ్రాముల పిండిపదార్థంతోపాటు 0.3–0.4 గ్రాముల ప్రొటీన్ కలుపుకున్నా ఫలితం దాదాపు అంతే ఉంటుంది. మళ్లీ సాధన మరునాడే అయితే ఈ హడావిడి అనవసరం. రోజు మొత్తం పిండిపదార్థం సరిపోతే గ్లైకోజెన్ తీరిగ్గా మళ్లీ నిండుతుంది.

చెమటతో పోయిన నీటిని కూడా ఈ సమయంలోనే భర్తీ చేసుకోవాలి. సాధనకు ముందూ తర్వాతా బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకూ 1.25 నుంచి 1.5 లీటర్ల నీరు కొన్ని గంటల్లో తాగండి. పోటీ గెలిచిన రాత్రి మద్యంతో సంబరం చేసుకునేవారికి ఒక మాట: 2014లో జరిగిన ప్రయోగంలో వ్యాయామం తర్వాత ప్రొటీన్‌తోపాటు అధికంగా మద్యం తీసుకున్నప్పుడు కండర ప్రొటీన్ నిర్మాణం 24 శాతం తగ్గింది. ప్రొటీన్ తిన్నాం కదా, సరిపోతుందనుకోవడం కుదరదు.

సాధన మధ్యలో ప్రొటీన్ అవసరం లేదు. గంటకు మించిన సాధనలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, రెండున్నర గంటలు దాటితే 90 గ్రాముల వరకు ఉపయోగపడుతుంది. ఆ పై మోతాదుకు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ కలిసిన పానీయం కావాలి, ఎందుకంటే పేగు ఒక్క గ్లూకోజ్‌నే అంత వేగంగా పీల్చుకోలేదు.

ఆరో అడుగు: రాత్రి పడుకునే ముందు

నిద్ర అంటే ఏడెనిమిది గంటల ఉపవాసం. 2012లో సాయంత్రం బరువులతో సాధన చేసిన యువకులకు పడుకునే ముందు 40 గ్రాముల కేసిన్ ఇచ్చినప్పుడు రాత్రంతా కండర ప్రొటీన్ నిర్మాణం సుమారు 22 శాతం పెరిగింది. కేసిన్ పాలలో ఉండే నెమ్మదిగా అరిగే ప్రొటీన్. రాత్రి భోజనం తొందరగా ముగించి ఆలస్యంగా పడుకునేవారికీ, రోజు లక్ష్యంలో ఇంకా 20–30 గ్రాములు మిగిలిపోయినవారికీ ఈ పూట బాగా పనికొస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు నిండుగా తిని పదిన్నరకు పడుకునేవారు దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఒక రోజు లెక్క, దగ్గర నుంచి

60 కిలోల బరువుండి, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు సాధన చేసే వ్యక్తి రోజును తీసుకుందాం. లక్ష్యం 96 గ్రాములు. ఉదయం ఏడున్నరకు రెండు గుడ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 40 గ్రాముల ఓట్స్ తింటే వరసగా 12, 10, 5 కలిపి 27 గ్రాములవుతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు 250 గ్రాముల అన్నం, 150 గ్రాముల ఉడికిన పప్పు, 150 గ్రాముల పెరుగుతో 7, 13, 5 కలిసి 25 గ్రాములు. నాలుగున్నరకు అరటిపండు, 250 మిల్లీలీటర్ల పాలతో 9 గ్రాములు. ఇది పూర్తి ప్రొటీన్ పూట కాదు, దీని పని సాధనకు ఇంధనమివ్వడం. ఎనిమిదిన్నరకు 120 గ్రాముల వండిన చేప, 200 గ్రాముల అన్నంతో 33 గ్రాములు. మొత్తం 94. పడుకునే ముందు ఒక చిన్న గ్లాసు పాలు తాగితే లక్ష్యం దాటేస్తుంది.

ఈ రోజులో పొడి లేదు, బార్ లేదు. అయితే బలహీనత ఒకటి ఉంది. మధ్యాహ్నపు 25 గ్రాముల్లో అధికభాగం పప్పూ అన్నానిదే కనుక, అదే వ్యక్తి ఆ పూట ఒక గుడ్డు కూడా చేర్చుకుంటే అమైనో ఆమ్లాల కూర్పు మెరుగవుతుంది. పిండిపదార్థాల పరంగా చూస్తే, రోజుకు గంటా గంటన్నర మధ్యస్థ సాధన చేసేవారికి కిలోకు 5 నుంచి 7 గ్రాములు కావాలి. అంటే ఈ వ్యక్తికి కనీసం 300 గ్రాములు. పై జాబితాలో అది రాదు. పళ్లూ, అన్నమూ ఇంకా పెంచాలి. ప్రొటీన్ మీద అంత శ్రద్ధ పెట్టి సాధనకు ఇంధనమే తక్కువ చేసుకునేవారు నాకు కనిపించినంతగా, ప్రొటీన్ తక్కువైనవారు కనిపించరు.

మాంసం, గుడ్లు తిననివారికి

శాకాహార ప్రొటీన్‌తో కండ పెరగదన్నది అపోహే. 2021లో రోజుకు కిలోకు 1.6 గ్రాములు అందేలా చూసుకున్న పూర్తి శాకాహారులనూ, మాంసాహారులనూ 12 వారాలు బరువులతో సాధన చేయించి పోల్చినప్పుడు ఇద్దరికీ కండ, బలం సమానంగానే పెరిగాయి. షరతు ఏమిటంటే మొత్తం చేరుకోవాలి. అమైనో ఆమ్లాల్లో మెథియోనిన్ పప్పుల్లో తక్కువ, లైసిన్ ధాన్యాల్లో తక్కువ. రెండూ రోజులో ఏదో ఒక పూట కలిస్తే లోటు తీరుతుంది, ఒకే పూట కలవాలన్న నియమం లేదు. మొక్కల ప్రొటీన్ కొంత తక్కువగా అరుగుతుంది కనుక పూట మోతాదును కాస్త పెంచుకోవాలి. సోయా వీటన్నిటిలో నాణ్యమైనది. పాలూ పెరుగూ తీసుకునేవారికి లెక్క మరింత సులువు.

పొడి కొనాలా

పొడి ఆహారమే, మందు కాదు. భోజనంతో లక్ష్యం చేరుతున్నవారికి దానివల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. ప్రయాణాల్లో ఉండేవారికీ, ఆకలి తక్కువగా ఉండేవారికీ, శాకాహారంలో మొత్తం చేరుకోలేనివారికీ అది సౌకర్యం. కొనేటప్పుడు డబ్బా ముందువైపు రాతలు కాక వెనుకనున్న పట్టిక చూడండి. ఒక స్కూప్ 30 గ్రాములుండి అందులో ప్రొటీన్ 24 గ్రాములుంటే మంచిదే, అదే 30 గ్రాముల్లో 15 గ్రాములే ఉంటే మిగతాది ఎక్కువగా చక్కెరో, పిండో. పోటీల్లో పాల్గొనేవారు స్వతంత్ర ప్రయోగశాలలో బ్యాచ్‌వారీగా పరీక్షించిన వాటినే వాడాలి, ఎందుకంటే డోపింగ్ నిబంధనల ప్రకారం శరీరంలో దొరికిన నిషేధిత పదార్థానికి, అది కల్తీవల్ల చేరినా సరే, బాధ్యత క్రీడాకారులదే.

ఎవరు ఆగి ఆలోచించాలి

ఆరోగ్యవంతుల మూత్రపిండాలకు ఈ మోతాదుల ప్రొటీన్ హాని చేస్తుందన్న ఆధారాలు లేవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ అంకెలేవీ వర్తించవు, వారు వైద్యుల సలహా లేకుండా ప్రొటీన్ పెంచకూడదు. మధుమేహం, అధిక రక్తపోటు చాలాకాలంగా ఉన్నవారు ముందుగా మూత్రపిండాల పరీక్ష చేయించుకోవడం వివేకం.

మరో ప్రమాదం ప్రొటీన్ సరిగ్గానే ఉండి మొత్తం తిండి తక్కువ కావడం. సాధనకు ఖర్చయిన కేలరీలు పోగా శరీరం తన పనులకు వాడుకునేందుకు మిగిలేది కొవ్వు మినహా బరువులో కిలోకు రోజుకు 30 కేలరీలకంటే తగ్గి చాలాకాలం కొనసాగితే హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధకశక్తి దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీనిపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇస్తోంది. స్త్రీలలో నెలసరి ఆగిపోవడం, ఎవరిలోనైనా ఎముకలకు పదేపదే సన్నని పగుళ్లు రావడం, తగ్గని అలసట, మాటిమాటికీ జలుబు, ఇవి దాని గుర్తులు. ఇవి కనిపిస్తే ప్రొటీన్ పంపకం సరిచేయడంతో ఆగకుండా తిండి మొత్తం పెంచి, క్రీడా వైద్యులను కలవాలి.

ఏడో అడుగు: సరిచూసుకోవడం

కొత్త పద్ధతిని కనీసం నాలుగు వారాలు మార్చకుండా నడపండి. వారానికి రెండు మూడుసార్లు, ఉదయం ఒకే సమయంలో బరువు చూసుకుని వారపు సగటు రాసుకోండి. ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోవద్దు, ఉప్పూ నీరూ దాన్ని ఒక కిలో అటూ ఇటూ ఊపేస్తాయి. ఎత్తే బరువులు పెరుగుతూ, నిద్ర బాగా పడుతూ, సాధన మధ్యలో నీరసం రాకుండా ఉంటే ఏదీ మార్చకండి. బలం నిలిచిపోయి బరువు కూడా తగ్గుతుంటే ముందు పెంచవలసింది పిండిపదార్థాలు, ప్రొటీన్ కాదు. కడుపు బరువుగా, ఉబ్బరంగా ఉంటే పూట పరిమాణం తగ్గించి పూటల సంఖ్య పెంచండి. పోటీకి ముందరి వారంలో కొత్త ఆహారం, కొత్త పొడి, కొత్త సమయం ఏవీ ప్రయత్నించకుండా, సాధన రోజుల్లో పరీక్షించి కడుపుకు సరిపడిన దాన్నే అదే వేళకు తినండి.